పక్కింటి గొడవ మనకెందుకు?

ప్రశ్న: మాది విజయవాడలో అపార్ట్‌మెంట్. పక్క ఫ్లాట్‌లో భర్త రాత్రిళ్లు తాగి వచ్చి భార్యను కొడుతున్నాడు. అప్పుడు వాళ్ల ఎనిమిదేళ్ల పాప వచ్చి మా గుమ్మంలో కూర్చుంటుంది. కల్పించుకుందామంటే, ‘ఆలుమగల గొడవ మనకెందుకు? రేపు పోలీసుల చుట్టూ తిరగాలి’ అని మావారు వారిస్తున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ పాప దగ్గరే నా మనసు ఆగిపోయింది. ముందు ఆ తలుపు తీయండి. లోపలికి పిలిచి ఇంత అన్నం పెట్టండి. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగవద్దు. ‘ఇందులో నీ తప్పేమీ లేదు’ అని మాత్రం చెప్పండి. తాము అల్లరి చేసినందుకే నాన్న అమ్మను కొట్టాడనుకుని కుమిలిపోయే పిల్లలు ఎందరో!

మీవారి భయానికి చట్టంలోనే జవాబుంది. 2005 నాటి గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఇరుగుపొరుగువారైనా రక్షణాధికారికి, అంటే ఇలాంటి బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారికి, సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ కేసూ నిలవదు.

దెబ్బల చప్పుడు వినిపిస్తే 112కు ఫోన్ చేయండి. మీవారు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లి కాలింగ్ బెల్ నొక్కి, ‘మీకు నీళ్లు వస్తున్నాయా?’ అని అడిగినా కొట్టే చేయి ఆగవచ్చు. 2008లో మన దేశంలో మొదలైన ‘బెల్ బజావో’ ప్రచారం చెప్పిందీ ఇదే.

అతను లేని వేళ ఆమెతో మాట్లాడండి. ‘ఎందుకు పడి ఉంటున్నావు?’ అని మాత్రం అనకండి. ఎక్కడికి పోవాలన్నదే ఆమె దిగులు కావచ్చు. ఇల్లు భర్త పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకుంది. ఈ సంగతి తెలియకే ఎందరో నోరు మూసుకుంటున్నారు. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే, బాధిత మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రం ద్వారా వైద్యం, న్యాయసహాయం, తాత్కాలిక వసతి దొరుకుతాయి. ఈ నంబర్లు నోటితోనే చెప్పండి. ఆమె ఫోన్ అతను చూస్తుండవచ్చు.

ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికే వదలండి. ప్రాణం మీదికి వచ్చినా, పాప మీద చేయి పడినా ఇక ఎవరి అనుమతి కోసమూ ఆగవద్దు. పిల్లల కోసం 1098 ఉంది.

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెతను మనం ఆడవాళ్ల నోరు నొక్కడానికే ఎక్కువగా వాడుకున్నాం. మీ అపార్ట్‌మెంట్ సంఘాన్ని అడిగి, లిఫ్ట్ పక్కనున్న నోటీసు బోర్డు మీద ఈ మూడు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాయించండి. అందరి కోసం రాసినట్టే ఉంటుంది. ఎవరికీ అనుమానం రాకుండా ఆమె రోజూ చదువుకోగలుగుతుంది.