మీటర్లు పడిపోయి గేరు మారకపోతే ముందు ఎర్త్ చూడండి

మీ కారులో స్పీడు, ఇంధనం ముళ్లు ఒకేసారి సున్నాకు పడిపోతున్నాయి, ఆటోమేటిక్ గేరు మూడులోనే ఇరుక్కుంటోంది అన్నారు కదండీ. రెండూ కలిసి వస్తున్నాయంటే గేరుబాక్సు అప్పుడే విప్పించకండి. కరెంటు దారినే, అందులోనూ ఎర్త్‌ను (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజను, బాడీ లోహానికి కలిపే తీగను) ముందు అనుమానించాలి. వోల్టేజీ బాగా తగ్గితే గేరుబాక్సు కంప్యూటర్ జాగ్రత్త కోసం ఒకే గేరులో ఉండిపోతుంది.

ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని ఇంజను లోహానికి ఆనించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ తీగ పట్టు సరిగా లేనట్టే. నా పాత కారులో ఆ బోల్టు కింద పచ్చటి చిలుము పేరుకుంది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది. అంతకుముందే మెకానిక్ నాతో అనవసరంగా సెన్సారు కొనిపించాడు!

ఎర్త్ బాగుంటే, ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల వస్తోందో లేదో చూసి, ఆ అంకె ఇక్కడ రాయండి.