వైరల్ లోడ్ బాగుంది, మరి ఈ దిగులేంది?

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. వైరల్ లోడ్, అంటే నెత్తుట్లో హెచ్‌ఐవీ వైరస్ ఎంతుందో చెప్పే లెక్క, ఏమీ కనపళ్లేదని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పారన్నావు. అయినా పొద్దున లేవబుద్ధి కావట్లేదని, టంగుటూరులో పొగాకు గ్రేడింగుకు పోయినా చేతులాడటం లేదని రాశావు. 'రిపోర్టు బాగున్నాక ఇంకా ఏంది ఏడుపు' అని మీ అక్క కసిరిందంట. రెండూ నిజమే తల్లీ. వైరస్ అణిగింది, నీకు దిగులూ ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్ల కంటే ఎక్కువ. అది నీ చేతగానితనం కాదు.

ఒంట్లో జరిగేది చెప్తా, విను. ఈ వైరస్ చేరిన మొదటి వారాల్లోనే పేగు గోడలో ఉండే సీడీ4 కణాలను, అంటే రోగాలతో పోరాడే తెల్ల కణాలను, బాగా దెబ్బతీస్తుంది. ఆ గోడ బలహీనపడి, పేగులోనే ఉండాల్సిన సూక్ష్మజీవుల ముక్కలు నెత్తుట్లోకి కారతాయి. వాటి మీదికి మన రోగనిరోధక శక్తి ఎప్పుడూ లేచే ఉంటుంది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. మందులతో బాగా తగ్గుతుంది గానీ, చాలామందిలో పూర్తిగా మామూలు స్థాయికి రాదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో మంట ఆర్పేసినా గోడల వేడి చాలాసేపు పోదు చూడు, అట్టా.

ఆ వేడి మెదడుకూ తగులుతుంది. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ అని రోగనిరోధక కణాలు వదిలే పదార్థాలు నెత్తుట్లో పెరిగితే వాటి కబురు మెదడుకు చేరుతుంది. మనం తినే పప్పులో, గుడ్డులో ట్రిప్టోఫాన్ అనే పోషకం ఉంటుంది, మనసును నిలకడగా ఉంచడానికి సాయపడే సెరటోనిన్ తయారయ్యేది దాన్నుంచే. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు అందులో మామూలు కంటే ఎక్కువ భాగం కైనురెనిన్ అనే వేరే పదార్థంగా మారే దారి పడుతుంది. జ్వరమొస్తే ఎవరితో మాట్లాడబుద్ధి కాక, కూడు సయించక ముడుచుకుని పడుకుంటాం గదా, దాని వెనకా ఈ పదార్థాలే ఉంటాయి.

నీ దిగులంతా ఇందుకేనని మాత్రం నేననను. మనిషి పోయిన బాధ ఉంది నీకు, ఊళ్లో తెలుస్తుందేమోనన్న భయం ఉంది. ఒంటివల్ల ఎంత, బతుకువల్ల ఎంత అని తూకం వేసే పరీక్ష లేదు. కాబట్టి ఐఎల్-6 అనీ ఇంకోటనీ ప్రైవేటు ల్యాబులకు డబ్బులు పోయబాక. ఇన్‌ఫ్లమేషన్ అనగానే మందుల షాపుకు పోయి నొప్పి బిళ్లలూ కొనబాక. నువ్వు వాడే టీఎల్‌డీ బిళ్ల మూడు హెచ్‌ఐవీ మందులు కలిపింది, అందులో టెనోఫోవిర్ ఒకటి. దానికి తోడు డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పసరు మందుల వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

'మందులే మానేస్తే మనసు తేలికవుతుందేమో' అని రాశావే, ఆ ముక్క దగ్గర నాకు కోపమొచ్చింది. మానితే ఆ ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందే గానీ తగ్గదు. స్మార్ట్ అని పెద్ద అధ్యయనం ఒకటి జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. మధ్యమధ్యలో మందులు ఆపినవాళ్లలో జబ్బులూ చావులూ ఎక్కువయ్యాయి. ఆపిన నెలలోపే ఐఎల్-6 పెరిగింది. ఒకవేళ నిద్ర పట్టకపోవడం టీఎల్‌డీ మొదలుపెట్టాకే వచ్చిందనుకో, అదీ ఉన్నదే. అందులోని డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర చెడగొడుతుంది, మనసునూ కుంగదీస్తుంది. రాత్రి బదులు పొద్దున వేసుకోవచ్చా అని డాక్టర్నే అడుగు. నెత్తురు తక్కువని ఐరన్ బిళ్లలో, కడుపుమంటకు గ్యాస్ మందో వాడుతుంటే అవీ చెప్పు. కలిపి మింగితే కొన్ని డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు.

ఇక చెప్పుకోవడం ఎట్టాగంటావా. మందులిచ్చే కిటికీ దగ్గర, వెనక పదిమంది నిలబడి ఉండగా ఎవరూ చెప్పలేరు. కౌన్సెలర్ గదిలోకి పో. 'బాగోలేదు' అంటే 'తగ్గుద్దిలే' అని పంపిస్తారు. రెండు వారాలుగా నిద్ర ఎట్టా ఉంది, తిండి ఎట్టా ఉంది, ఇష్టమైన పని మీదన్నా మనసు పోతోందా లేదా, చచ్చిపోవాలనిపించిందా అని విడమర్చి చెప్పు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది, అడుగుతారు. అడక్కపోతే నువ్వే అడుగు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, టీబీ కూడా చూడమను. ఇవీ మనిషిని ఇట్టాగే నీరసపరుస్తాయి.

ఒంగోలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి రాసిస్తే సిగ్గుపడబాక. హెచ్‌ఐవీ మందులతో కలిపి వాడదగ్గ డిప్రెషన్ మందులు ఉన్నాయి. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, వారానికే పనిచేయలేదని పారేయబాక. అక్కడ ఏఆర్‌టీ పుస్తకం తప్పకుండా చూపించు. నీ జబ్బు సంగతి బయటపెట్టకూడదని 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం ఉంది.

సాయంత్రం పూట నడువు, కుదిరితే తోడుగా ఎవరినన్నా తీసుకుపో. నడక డిప్రెషన్‌కు నిజంగా పనిచేస్తుంది.

చచ్చిపోదామన్న ఆలోచన వస్తే మాత్రం ఆసుపత్రి తేదీ దాకా ఆగబాక. 14416కు ఫోన్ చెయ్, అది టెలి మానస్ అని మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు, వాళ్లు రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. హెచ్‌ఐవీ సంగతులు అడగాలంటే 1097 ఉంది. పక్కన మీ అక్కను కూర్చోబెట్టుకో. కసిరినా సరే, ఆమెకు ఈ ఉత్తరం చదివి వినిపించు.

మీ పెద్దమ్మ