కెనడాలో ఎమ్మెల్యే అవుతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. కెనడాలో ఎం.ఎస్. చేసి, అక్కడే ఎమ్మెల్యే అవుతానంటున్నాడు. మనదేశం నుంచి వెళ్లి అక్కడ ఎమ్మెల్యే అయిన ప్రసాద్ పాండా గారి పేరు చెప్పి, ‘ఆయనా ఇంజినీరేగా’ అంటాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, వాడి మాటను కొట్టిపారేయకండి. మంచి మనిషినే చూపించాడు. అయితే ఆయన కథ మొత్తం చదివాడో లేదో అడగండి.

పాండా గారు ఇక్కడ ఇంజినీరుగా ఏళ్లపాటు పనిచేసి, 2004లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో ఉన్న కాల్గరీ నగరానికి వెళ్లారు. అక్కడా చమురు రంగంలో ఉద్యోగమే. 2012లో ఆల్బర్టా శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. 2015 మేలో మళ్ళీ ఓడారు. అదే ఎన్నికల్లో కాల్గరీ-ఫుట్‌హిల్స్ నియోజకవర్గంలో గెలిచిన ముఖ్యమంత్రి జిమ్ ప్రెంటిస్, పార్టీ ఓడిందని ఆ రాత్రే సీటు వదులుకున్నారు. సెప్టెంబరులో జరిగిన ఆ ఉపఎన్నికలో పాండా గారు గెలిచారు. 2019లో మౌలిక సదుపాయాల మంత్రి అయ్యారు. 2023లో కొద్ది తేడాతో ఓడిపోయారు. అంటే వెళ్లిన పదకొండేళ్లకు మొదటి గెలుపు. అన్నాళ్లూ ఇల్లు గడిచింది ఇంజినీరింగ్ మీదే. అందుకే చదువు మీద పట్టు వదలొద్దని గట్టిగా చెబుతున్నాను.

పోటీ చేయాలంటే కెనడా పౌరసత్వం తప్పనిసరి. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక, ఐదేళ్లలో కనీసం 1,095 రోజులు అక్కడే ఉన్నట్టు చూపితేనే దానికి అప్లై చేయగలడు. అది తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) మాత్రమే మిగులుతుంది. ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. నాకు అన్నిటికన్నా బరువైన విషయం ఇదే.

టికెట్ సంగతి కూడా తెలియాలి. మన దగ్గర బీ-ఫారం పైనుంచి వస్తుంది. అక్కడ సాధారణంగా నియోజకవర్గంలోని పార్టీ సభ్యులు ఓటేసి అభ్యర్థిని ఎంచుకుంటారు. కొత్త సభ్యుల్ని చేర్పించుకుంటూ ఇంటింటికీ తిరగాలి. తెలుగువాళ్ల ఓట్లతోనే గెలిచే పరిస్థితి ఉండదు, చైనీయుల ఇంటి తలుపూ పంజాబీల ఇంటి తలుపూ తట్టాలి. కెనడాలోనే మరో రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియాకు 2000లో ముఖ్యమంత్రి అయిన ఉజ్జల్ దోసాంఝ్ కూడా 1979లో, 1983లో ఓడి, 1991లో గెలిచారు. పైగా ఆల్బర్టాలో ఎమ్మెల్యేల పెన్షన్‌ను 1993లోనే తీసేశారు.

కాబట్టి ఎం.ఎస్. చేయనివ్వండి. వెళ్లాక మొదటి ఏడాది నుంచే తను ఉండే పేటలోని కమ్యూనిటీ అసోసియేషన్‌లో స్వచ్ఛందంగా పనిచేయమనండి. పార్క్, మంచు తీయడం, బస్సు రూటు లాంటి గొడవలన్నీ అక్కడికే వస్తాయి.

ఇంకొకటి ఈ సెలవుల్లోనే చేయించండి. ఆల్బర్టా శాసనసభ చర్చలు అక్షరం పొల్లుపోకుండా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒక బిల్లు మీద జరిగిన చర్చ మొదటినుంచి చివరిదాకా చదివి, తెలుగులో మీకు వివరించమనండి. ఎలా చెప్పాడో నాకు మళ్ళీ రాయండి.