మానసిక వైద్యం: చట్టం వచ్చింది, నెల రోజుల మాత్రలు రాలేదు

"2017లో అంత మంచి మానసిక ఆరోగ్య చట్టం వచ్చినా పరిస్థితి ఎందుకు మారలేదు? ప్రభుత్వానికి, సమాజానికి ఉన్న అసలు ఇబ్బందులేమిటి?" అని అడిగారు. నేను డాక్టర్ని కాను, అధికారినీ కాను. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించి, లేనిపోని అనుమానాలు కలిగే మానసిక జబ్బు) ఉన్న ఒక అబ్బాయికి అక్కని. మాది ఉత్తరాంధ్రలో ఒక పల్లె. నేను చూసిందే చెబుతాను.

తమ్ముడికి జబ్బు మొదలైంది డిగ్రీ రెండో ఏడాదిలో, 2014లో. హాస్టల్లో వాళ్లు గోడ అవతల నుంచి తన గురించే మాట్లాడుకుంటున్నారని చెప్పేవాడు. రాత్రుళ్లు నిద్ర లేదు. సెల్‌ఫోన్ టవర్ వైపు తల పెట్టి పడుకోనని మంచం తిప్పేసేవాడు. ఊళ్లో అందరూ గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం, దర్గాకి తీసుకెళ్లాం, తెలిసినవాళ్లు చెప్పారని ప్రార్థన కూటానికీ తీసుకెళ్లాం. మా మేనమామ అయితే పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందన్నాడు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. ఈ జబ్బులో మొదటి రెండేళ్లు ఎంత విలువైనవో తర్వాత తెలిసింది. మందు ఎంత తొందరగా మొదలైతే మనిషి అంత బాగా నిలదొక్కుకుంటాడట.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2015లో నా పెళ్లిచూపుల రోజు వాణ్ని పొద్దున్నే పిన్ని వాళ్లింటికి పంపించేశారు. వెళ్తూ వెళ్తూ "అక్కా, నేను ఉంటే బాగోదా?" అని అడిగాడు. నేను జడ వేసుకుంటూ అద్దంలోకే చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు నేనూ దాచినదాన్నే.

ఇక చట్టం సంగతి. 2018 మేలో అమల్లోకి వచ్చింది. నేను కూర్చుని చదివాను. నిజంగా మంచి చట్టం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చిక్కుకుని చనిపోయారు. ఆ ఘోరం తర్వాత మన దేశం ఎంత దూరం వచ్చిందో ఈ చట్టం చదివితే తెలుస్తుంది. గొలుసులతో కట్టేయడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అని 115 చెప్పింది. ఇన్సూరెన్స్ విషయంలో మానసిక జబ్బుని మిగతా జబ్బులతో సమానంగా చూడాలంది. అన్నిటికంటే మా ఇంటికి అవసరమైంది 18వ సెక్షన్. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక వైద్యం మందులు సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) నుంచి పైన ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, అన్ని వేళలా, ఉచితంగా దొరకాలని అందులో ఉంది.

ఇప్పుడు మా అమ్మ మంగళవారం ఎలా గడుస్తుందో చూడండి. మానసిక వైద్యం ఓపీ వారానికి ఒక్కరోజే. ఆరు గంటల బస్సుకి వెళ్తుంది. ప్లాస్టిక్ కవర్లో పాత చీటీలన్నీ, తమ్ముడి చెయ్యి ఒక చేతిలో. ఆ రోజు ఉపాధి పని పోయినట్టే. వరండా చివర గది. డాక్టర్ ఒక్కరే, బయట నలభై, యాభై మంది. ఆ డాక్టర్ గారు మంచివారు, పేరు పెట్టి పలకరిస్తారు, కానీ మనిషికి మూడు నిమిషాలు మించి ఇవ్వలేరు. ముప్పై రోజులకి చీటీ రాస్తారు. మందుల కిటికీ దగ్గర పది రోజులకే ఇస్తారు. "స్టాక్ లేదమ్మా, మళ్లీ రా" అంటారు. మళ్లీ రావడమంటే మళ్లీ బస్సు చార్జీలు, మళ్లీ ఒక రోజు కూలీ.

2023లో వరసగా మూడు నెలలు ఇలాగే జరిగింది. అమ్మ ఏం చేసిందో నాకు తర్వాత తెలిసింది. వక్కలు కత్తిరించే అడకత్తెరతో ఒలాంజపిన్ మాత్రలు సగానికి కోసి, పది రోజుల మందు ఇరవై రోజులు వేసింది. పొడి కూడా పారేయకుండా పెరుగన్నంలో కలిపింది. మందు ఆపలేదు కదా అనుకుంది పాపం. నెల తిరక్కుండానే వాడికి మాటలు మళ్లీ వినిపించడం మొదలైంది.

ఆ రాత్రి తలుపు గడియ పెట్టుకుని లోపల సామాన్లు పగలగొడుతుంటే అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. పోలీసులు ఉంటేనే ఎక్కించుకుంటామన్నారు. పోలీసులేమో కంప్లైంట్ రాసిస్తే కేసు పెడతామన్నారు. జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని కాపాడి, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం పోలీసుల బాధ్యత, లాకప్‌లో పెట్టకూడదు అని 100వ సెక్షన్‌లో ఉంది. అక్కడికి వచ్చిన కానిస్టేబుల్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అతన్ని నేను తప్పుపట్టను. నేను అర్ధరాత్రి ఒంటి గంటకి 14416కి, అంటే టెలీమానస్‌కి ఫోన్ చేశాను. 2022 అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య సహాయం కోసం మొదలైన ఉచిత నంబర్ అది, తెలుగులోనే మాట్లాడతారు. తెల్లారేదాకా ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. అది మాకు నిజంగా ఉపయోగపడింది. మీరు కూడా ఆ నంబర్ ఫోన్లో సేవ్ చేసుకోండి. కానీ ఫోన్లో ధైర్యం ఇవ్వగలరు, మాత్ర ఇవ్వలేరు కదా.

ప్రభుత్వం వైపు సమస్య నాకు అర్థమైనంతలో ఇది. చట్టం కేంద్రం చేసింది. ఆసుపత్రులు, ఉద్యోగాలు, మందుల సరఫరా రాష్ట్రం చేతిలో ఉన్నాయి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నుంచీ ఉంది. కర్ణాటకలో బళ్లారిలో చేసి చూసిన పద్ధతిని 1996 నుంచి జిల్లా కార్యక్రమంగా తెచ్చారు. దాని ప్రకారం ప్రతి జిల్లాలో సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సు ఒక టీమ్‌గా ఉండి కింది ఆసుపత్రులకి కూడా వెళ్లాలి. మేము ఇన్నేళ్లలో ఒక్క సోషల్ వర్కర్‌ని కూడా ఇంటి గుమ్మంలో చూడలేదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే చేసిన పన్నెండు రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన దగ్గర ఎంతమందికి ఎన్ని మాత్రలు కావాలో లెక్క లేకుండా ఇన్ని మందులు పంపమని ఇండెంట్ ఎలా పెడతారు?

పెన్షన్ గురించి క్లుప్తంగా. మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఆంధ్రాలో 2024 జులై నుంచి దివ్యాంగుల పెన్షన్ ఆరు వేలు. కానీ వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో మందు వేసుకుని నిదానంగా కూర్చున్న మనిషిని చూసి "బాగానే ఉన్నాడే" అన్నారు. బాగా లేని రోజున క్యాంపుకి తీసుకెళ్లగలమా?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట ఇప్పుడు చెబుతాను. మా ఊరి దగ్గరి ఆసుపత్రిలో ఒకసారి బీపీ మాత్రలు అయిపోతే జనం గొడవ చేశారు, సర్పంచ్ వచ్చాడు, పేపర్లో పడింది, నాలుగు రోజుల్లో మందులొచ్చాయి. మా మాత్రలు లేవంటే మా అమ్మ మాత్రం చీటీ మడిచి కవర్లో పెట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని తల దించుకుని వచ్చేస్తుంది. ఆ వరండాలో ఉన్న అందరూ అంతే. పక్కూరి వాళ్లు కనిపిస్తే మొహం తిప్పేసుకుంటారు. ఎవరూ అడగని మందుకి స్టాక్ లేకపోతే ఏ అధికారికి టెన్షన్? ప్రభుత్వ సమస్య వేరు, సమాజ సమస్య వేరు అని మీరు విడదీసి అడిగారు గానీ, నాకు ఆ మందుల కిటికీ దగ్గర రెండూ ఒకటిగానే కనబడ్డాయి. "ఎర్రగడ్డ కేసు" అని మనం సరదాకి అనే మాట కూడా ఆ తల్లుల్ని అలా తల దించుకునేలా చేస్తోంది. దయచేసి అనకండి.

పోయిన ఏడాది నేను మా ఆయనకి చెప్పి, ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. 18వ సెక్షన్ కాపీ జతచేశాను. నా పేరు, తమ్ముడి పేరు, జబ్బు పేరు దాచకుండా రాశాను. నాతో పాటు ఆ ఓపీకి వచ్చే మరో ఇద్దరు తల్లులు వేలిముద్రలు వేశారు. ఒకావిడ వేలు వణికింది, అయినా వేసింది. తర్వాత నెల ముప్పై రోజుల మాత్రలిచ్చారు. ఆ పై నెలా ఇచ్చారు. మూడో నెల మళ్లీ పదిహేను రోజులకే వచ్చాయి.

తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు, చిన్న కిరాణా కొట్లో లెక్కలు రాస్తున్నాడు. ఈసారి అర్జీ తనే రాస్తానంటున్నాడు, వాడి చేతిరాత నాకంటే బాగుంటుంది. మంగళవారం ఓపీలో ఇంకెవరైనా సంతకం పెడతారేమో అడగాలి.