చెట్టుకు వేలాడుతున్న మనుషులు: జాక్ కలో బొమ్మలో శిక్ష ఎవరికి?

చెట్టు నిండా శవాలు వేలాడే ఈ బొమ్మ చూస్తే, వీళ్లంతా అమాయకులేమో అనిపిస్తుంది, కానీ కాదండీ. చిత్రకారుడు జాక్ కలో యుద్ధపు ఘోరాల మీద 1633లో అచ్చువేయించిన 18 బొమ్మల వరుసలో ఇది 11వది, రాగి రేకు మీద సూదితో గీసి యాసిడ్‌తో తినిపించి ముద్రించింది. ఉరి పడ్డవాళ్లు సైనికులే. అంతకుముందు బొమ్మల్లో ఇళ్లు, చర్చిలు దోచి ఊళ్లు తగలబెట్టింది ఇలాంటివాళ్లే, అందుకే బొమ్మ కింది పద్యం వాళ్లను దొంగలంటూ, చెట్టుకు కాసిన దౌర్భాగ్యపు పండ్లతో పోలుస్తుంది.

అంటే న్యాయం జరిగిందనేగా? పద్యం వరకూ అంతే. కానీ బొమ్మ ఎత్తు సుమారు 8 సెంటీమీటర్లే, కాబట్టి పెద్దది చేసి చూడండి: నిచ్చెన మీద ఒక పాదిరి చావబోయేవాడికి శిలువ చూపిస్తున్నాడు, కింద ఇద్దరు డోలు మీద పాచికలు వేసుకుంటున్నారు, చుట్టూ బల్లేలు పట్టుకున్న సైన్యం. నాకైతే ఆ పాచికల దగ్గరే గుండె ఆగుతుంది, ఎందుకంటే చంపడం అక్కడ రోజువారీ పనైపోయింది. కలోది అప్పట్లో ఫ్రాన్స్ పక్కన వేరే సంస్థానంగా ఉన్న లొరేన్‌లోని నాన్సీ అనే ఊరు, అదే ఏడాది ఫ్రెంచి సైన్యం ఆ ఊరిని పట్టుకుంది.