12 ఏళ్ల పిల్లాడికి హంటర్ ఎడ్యుకేషన్: ఆన్‌లైన్ ఒక్కటే చాలదండి

డల్లాస్‌లో ఉంటున్నాం, మా 12 ఏళ్ల బాబు సెప్టెంబర్‌లో స్నేహితుడి కుటుంబంతో గువ్వల వేటకి వెళ్తానంటున్నాడు, హంటర్ ఎడ్యుకేషన్ (వేటకెళ్లేవాళ్లకి ఇచ్చే భద్రతా శిక్షణ) ఆన్‌లైన్ కోర్సు చేయిస్తే సరిపోతుందా అని కదా అడిగారు. సరిపోదండి. టెక్సాస్‌లో ఆన్‌లైన్ ఒక్కటే చేసి సర్టిఫికెట్ తీసుకోవడం 17 నిండినవాళ్లకే. 9 నుంచి 16 ఏళ్ల పిల్లలు క్లాసుకైనా వెళ్లాలి, లేదా ఆన్‌లైన్ పూర్తిచేసి ఫీల్డ్ డేకి (ఇన్‌స్ట్రక్టర్ ముందు చేతులతో చేసి నేర్చుకునే రోజుకి) వెళ్లాలి.

రూల్ సంగతి అలా ఉంచండి, మీ ఇంట్లో తుపాకీ పట్టినవాళ్లే లేరన్నారు కాబట్టి ఫీల్డ్ డే మాత్రం వదలొద్దు. కంచె దాటేముందు తూటాలు తీసేసి, యాక్షన్ (తుపాకీలో తూటా ఎక్కించే భాగం) తెరిచి, గొట్టం ఎవరివైపూ లేకుండా తుపాకీని కంచె కింద నుంచి అవతల పెట్టి, ఆ తర్వాతే మనం దాటాలి. స్క్రీన్ మీద ఇది ఏ పిల్లాడైనా టిక్ పెట్టేస్తాడు, కానీ చేతిలో ఆ బరువు ఉండి, పక్కన ఇంకో పిల్లాడు మాట్లాడుతుంటే గొట్టం తెలియకుండానే అటు తిరుగుతుంది, వేలు ట్రిగ్గర్ మీదకి పోతుంది. అది పట్టుకుని అప్పటికప్పుడు సరిచేసేది ఎదురుగా ఉన్న ఇన్‌స్ట్రక్టరే.

ఆన్‌లైన్ వేస్ట్ అనట్లేదు, చట్టాలూ పక్షుల గుర్తింపూ నిదానంగా చదువుకోవడానికి అదే నయం. ఫీల్డ్ డే తేదీలు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైట్‌లో ఉంటాయి, ఇప్పుడే చూడండి.

సెప్టెంబర్‌కల్లా ఫీల్డ్ డే కుదరకపోతే, 17 నిండి, వేట లైసెన్సు ఉండి, ఈ కోర్సు పాసైనవాళ్లు మాట వినిపించేంత దగ్గర్లో తోడుంటే వెళ్లొచ్చు. బాబుకి యూత్ (పిల్లల) వేట లైసెన్సు వేరే తీసుకోవాలి. బాబు హెచ్-4 (హెచ్-1బి మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే, ఆ లైసెన్సు రాకుండా తుపాకీ అసలు పట్టనివ్వకండి, అది ఫెడరల్ చట్టం.