జియాలజీ నేర్చుకుంటున్నాను, ఫండ్లు అమ్మి బంగారు గనుల షేర్లు కొనమంటారా?

ప్రశ్న: మాది ఆదోని. వయసు 44. ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మ్యూచువల్ ఫండ్లలో 14 లక్షలు ఉన్నాయి, నెలకు 12 వేలు సిప్ కడుతున్నాను. ఇంట్లో నగలు 30 తులాలు. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. అమెరికాలో ఏఐ షేర్ల బుడగ పగిలితే మన మార్కెట్ కూడా పడుతుందని టెన్షన్‌గా ఉంది. కొన్ని నెలలుగా ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు విని జియాలజీ నేర్చుకుంటున్నాను. మా జిల్లాలోనే జొన్నగిరిలో బంగారం ఉంది కదా. ఫండ్లన్నీ అమ్మి సగం బంగారంలో, సగం బంగారం తవ్వే చిన్న కంపెనీల షేర్లలో పెడదామనుకుంటున్నాను. చాలకపోతే నగలు కుదువ పెట్టి ఇంకో 5 లక్షలు తేగలను. మీరేమంటారు?

జవాబు: మీరు అడగనిది ముందు చెబుతాను. పాప రెండేళ్ళలోపే పై చదువుకు వెళుతుంది. బుడగ ఉన్నా లేకపోయినా ఆ ఫీజు డబ్బు ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్లలో ఉండకూడదు. మొదటి రెండేళ్ళ ఫీజు, హాస్టల్ కలిపి 5 లక్షలనుకుంటే అంత మేర అమ్మి బ్యాంకు ఎఫ్‌డీలో వేయండి. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ల లాభంలో ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. అందుకని కొంత మార్చి 31 లోపు, మిగతాది ఏప్రిల్‌లో అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ కలిసొస్తుంది. మీ ఫండ్లలోంచి ఇప్పుడు అమ్మాల్సింది నా లెక్కలో ఇంతే.

ఇక బుడగ గురించి. మీ భయం తప్పని నేను అనను. కానీ బుడగ ఉందని తెలియడం వేరు, ఎప్పుడు పగులుతుందో తెలియడం వేరు. 1996 డిసెంబరులో అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ అలన్ గ్రీన్‌స్పాన్ మార్కెట్ ఉత్సాహం హేతువు దాటిపోతోందేమోనని బహిరంగంగానే అనుమానపడ్డారు. అప్పుడు టెక్ కంపెనీల షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 1,300 దగ్గర ఉంది. అది 2000 మార్చిలో 5,000 దాటింది, 2002 అక్టోబరులో 1,114కు పడింది. అంటే ఆయన అనుమానం నిజమే, కాకపోతే అది తేలడానికి ఆరేళ్ళు పట్టింది. ఆయన మాట విని అమ్మేసినవాళ్ళలో ఎంతమంది మధ్యలో ఆగలేక 4,000 దగ్గర మళ్ళీ కొన్నారో ఊహించండి.

మన దగ్గర సెన్సెక్స్ 2008 జనవరిలో 21,000 తాకి, అక్టోబరుకల్లా 9,000 కిందికి వచ్చింది. 2010 నవంబరుకు మళ్ళీ 20,000 పైన ఉంది. ఆ మధ్యలో సిప్ ఆపనివాళ్ళకు చవకలో యూనిట్లు దొరికాయి. మీ 12 వేలు అలాగే కట్టండి.

బంగారం విషయంలో మీరు ఒక లెక్క మర్చిపోయారు. 2025లో తులం లక్ష దాటింది. ఆ లెక్కన మీ 30 తులాల విలువ, తరుగు కింద కొంత తీసేసినా, ఫండ్ల విలువకు దాదాపు రెట్టింపు ఉంటుంది. బంగారం మీద మీరు ఇప్పటికే చాలా గట్టిగా పందెం కాసి ఉన్నారు. 'నగలు అమ్ముకుంటామా' అంటారు, నిజమే. అమ్మరు కాబట్టి వాటిని ఆస్తిలో లెక్కేయకపోయినా, ధర పడితే వాటి విలువ పడకుండా ఉండదు.

బంగారం పడదనే నమ్మకం మనకెలా వచ్చిందో కూడా చూడండి. 1980 జనవరిలో ఔన్సు (సుమారు 31 గ్రాములు) 850 డాలర్లకు వెళ్ళింది. మళ్ళీ ఆ ధర చూడటానికి 2008 దాకా, 28 ఏళ్ళు పట్టింది. ఆ పతనం మన ఇళ్ళలో ఎవరికీ గుర్తు లేదు, ఎందుకంటే ఈలోగా డాలరు 8 రూపాయల నుంచి 40 దగ్గరకు చేరింది. బంగారం నిలబడిందని మనం అనుకున్నాం, నిజానికి రూపాయి కిందికి జారింది. 2012 చివర 31 వేలకు పైగా ఉన్న తులం 2015లో 25 వేల దాకా దిగడం మాత్రం మీకు గుర్తుండే ఉంటుంది. ఇంకా కొనాలనే ఉంటే నెలకు రెండు వేలు గోల్డ్ ఈటీఎఫ్‌లో (షేరులా కొనే బంగారం ఫండ్) వేయండి. నాణేలు కొంటే 3 శాతం జీఎస్టీ, తిరిగి అమ్మేటప్పుడు కోత. యాప్‌లలో దొరికే డిజిటల్ గోల్డ్ తన నియంత్రణలో లేదని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులోనే హెచ్చరించింది.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది జియాలజీ. నేర్చుకోండి, ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల 'స్వయం' పోర్టల్‌లో పరీక్ష కూడా రాయండి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 'భూకోశ్'లో పటాలు ఉచితంగానే చూడొచ్చు. కోలార్, హట్టి, రామగిరి, జొన్నగిరి అన్నీ పాత షిస్టు (పొరలు పొరలుగా చీలే) శిలల పట్టీల్లోనే ఎందుకున్నాయో అర్థమవుతుంటే ఆ ఆనందమే వేరు. కానీ ఆ చదువు బంగారం ధర చెప్పదు. మనిషి ఇప్పటిదాకా తవ్వి తీసిన బంగారం రెండు లక్షల టన్నులకు పైనే, దాదాపు అంతా ఇంకా భూమ్మీదే ఉంది. గనుల నుంచి ఏటా కొత్తగా వచ్చేది సుమారు 3,600 టన్నులు, అంటే ఉన్నదాంట్లో రెండు శాతం కూడా కాదు. ధరను నడిపించేది ఆ పాత నిల్వను పట్టుకున్నవాళ్ళ మనసు. 2022 నుంచి 2024 దాకా కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య దేశాలు రష్యా విదేశీ నిల్వలను స్తంభింపజేయడం అందుకు ఒక పెద్ద కారణం. అది ఏ శిలలోనూ కనిపించదు.

రాయిలో బంగారం ఉండటానికీ, గనిలో లాభం ఉండటానికీ ఎంత దూరమో కోలార్ చూపిస్తుంది. మూడు కిలోమీటర్ల లోతు దాటి తవ్వారు. ఖనిజంలో బంగారం పాలు తగ్గి, ఖర్చు ధరను మించిపోయి 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. తమాషా ఏమిటంటే అంతర్జాతీయ ధర అప్పుడు ఔన్సు 300 డాలర్ల లోపే. దీర్ఘకాలపు పెరుగుదల ఆ తర్వాతే మొదలైంది.

ఇక బ్రీ-ఎక్స్ గురించి వినే ఉంటారు. కెనడాలోని కాల్గరీకి చెందిన చిన్న కంపెనీ. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రహ్మాండమైన నిక్షేపం దొరికిందని చెప్పింది, మార్కెట్ విలువ 600 కోట్ల కెనడా డాలర్లు దాటింది. భాగస్వామిగా వచ్చిన అమెరికా గనుల కంపెనీ ఫ్రీపోర్ట్-మెక్‌మోరాన్ 1997లో సొంతంగా బోర్లు వేస్తే లెక్కలోకి వచ్చేంత బంగారమే లేదు. శాంపిళ్ళలో బయటి బంగారం కలిపారని స్వతంత్ర పరిశీలనలో తేలింది. మామూలుగా డ్రిల్ చేసిన రాతి కడ్డీని నిలువునా చీల్చి, సగం పరీక్షకు పంపి, సగం దాచిపెడతారు. వీళ్ళు మొత్తం పొడి చేసి పంపారు. శాంపిళ్ళలోని బంగారు కణాలు ఏటి బంగారంలా అంచులు అరిగి ఉన్నాయి, రాతిలోంచి వచ్చినవి అలా ఉండవు. మీలాంటి విద్యార్థికి కూడా అనుమానం రావాలి కదా! అంతమంది నిపుణులు చూసినా, ఆంటారియో ఉపాధ్యాయుల పెన్షన్ ఫండ్ సహా పెద్దపెద్ద సంస్థలు నష్టపోయాయి. షేరు పెరుగుతున్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు.

మీ చదువు పనికొచ్చేది ఇక్కడే. కొనడానికి కాదు, వద్దనడానికి. కంపెనీ ప్రకటనలో అన్వేషణ ఏ దశలో ఉందో చూడండి. జీ4 అంటే తొలి సర్వే, జీ1 అంటే వివరమైన అన్వేషణ. జీ4 నివేదికను చూపించి 'నిధి' అంటుంటే పక్కన పెట్టేయండి. టన్నుకు ఎన్ని గ్రాములు, మైనింగ్ లీజు చేతికొచ్చిందా, ప్లాంటుకు డబ్బు ఎక్కడిది, అందుకోసం కొత్త షేర్లు జారీ చేసి మీ వాటాను పలచన చేస్తారా అన్నవి తర్వాత.

అన్నీ బాగున్నా ఇంకో లెక్క ఉంది. తులం తీయడానికి 80 వేలు ఖర్చయ్యే గనికి ధర లక్ష ఉంటే లాభం 20 వేలు. ధర పది శాతం తగ్గితే లాభం సగమవుతుంది. 2011 నుంచి 2015 చివరికి బంగారం డాలర్లలో దాదాపు 45 శాతం పడితే, పెద్ద గని కంపెనీల షేర్లే 80 శాతం దాకా పడ్డాయి. చిన్న కంపెనీ షేరు కొనడం తొలకరికి మీ జిల్లా తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతకడం లాంటిదే. నిజానికి ఆ వెతికేవాళ్ళే నయం, ఏమీ దొరక్కపోతే రోజు కూలీతో పోతుంది. మీరు కూడా పోతే తట్టుకోగలిగినదానికి మించి పెట్టకండి. 50 వేలు పెట్టండి, అదీ రెండు మూడు కంపెనీల్లో, పూర్తిగా పోయినా పాప ఫీజు ఆగదన్న లెక్కతో. ఫలానా కంపెనీ కొనమని నేను ఇక్కడ చెప్పను. మీరు అనుకున్న కంపెనీ వార్షిక నివేదిక తెచ్చుకుని పై ప్రశ్నలు మీరే వేసి చూడండి.

నగలు కుదువ పెట్టే ఆలోచన మాత్రం పూర్తిగా మానండి. ధర పడిన రోజు షేరూ పడుతుంది, తాకట్టులో ఉన్న నగ విలువా పడుతుంది, ఇంకా డబ్బు కట్టమని బ్యాంకు నుంచి ఫోనూ వస్తుంది. మూడూ ఒకే వారంలో.